నువ్వడిగిన బిరుదుల సంగతి

రాజమహేంద్రవరం

చి॥ రఘుకు అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది, ఆవకాయ మాన్పించాను. పెద్దమామయ్య మోకాలు అలాగే ఉంది. చంటి వచ్చే ఆదివారం మీ ఊరి మీదుగా వెళ్తున్నాడు, వాడి చేతికి కందిపొడి, కరివేపాకు కారం, సున్నుండలు ఇస్తున్నాను. హాస్టల్ తిండితో కడుపు పాడుచేసుకోకు. పొద్దున్నే ఏమీ తినకుండా లైబ్రరీకి పోతున్నావని తెలిసింది. ఎవరు చెప్పారని అడగకు.

దసరాకి వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి నీ పలుకు లేదు. పని ఒత్తిడి అయి ఉంటుంది. రాజ్యం వాళ్ళ ఇంట్లో పెళ్ళిలో విజయత్త నీ గురించి ఒక మాట అంది. దాని జోలికి నేను పోను. ఈ ఉత్తరం రాయడం అందుకు కాదు. మేడ మీద గదిలో నువ్వు ఒక ప్రశ్న అడిగావు, గుర్తుందా? పట్టుమని పదేళ్ళు ఏలనివాడికి నాలుగు వరుసల బిరుదులు ఉంటాయి, రాజ్యాన్ని నిలబెట్టినవాళ్ళకి ఒక్కోసారి ఒక్కటీ ఉండదు, ఎందుకమ్మా అన్నావు. బస్సుకు వేళైందని సగం చెప్పి పంపించేశాను. మిగతా సగం ఇది. నీ థీసిస్ నాలుగో అధ్యాయానికి పనికొస్తుంది. రాస్తున్నావు కదా?

బిరుదు రాజు గొప్పతనంలోంచి దానంతట అది పుట్టదు. దాన్ని అల్లే కవి ఉండాలి. చెక్కించే సందర్భం రావాలి, అంటే పట్టాభిషేకమో, గుడి ప్రతిష్ఠో, దానమో. ఖర్చు భరించే మనిషి ఉండాలి. ఆ తర్వాతి తరంలో దాన్ని మళ్ళీ మళ్ళీ చదివించుకోవలసిన అవసరం ఎవరికో ఒకరికి ఉండాలి. ఇందులో ఏది లోపించినా ఎంత పని చేసినవాడి పేరైనా ఒట్టి పేరుగానే మిగులుతుంది. అందుకే శాసనం చేతికి రాగానే బిరుదులు చదవకు. ఎవరు చెక్కించారో, ఎప్పుడు, ఏ పని మీద చెక్కించారో ముందు చూడు.

గౌతమీపుత్ర శాతకర్ణినే తీసుకో. అతని బిరుదులన్నీ మనకు ఎక్కడివి? నాసిక్ దగ్గర త్రిరశ్మి కొండ మూడో గుహలో తల్లి గౌతమీ బాలశ్రీ చెక్కించిన శాసనంలోవి. అది మనవడు పులుమావి ఏలుబడి 19వ ఏట, బౌద్ధ భిక్షువులకు ఆ గుహ దానం చేస్తూ వేయించింది. క్షహరాత వంశాన్ని (పడమటి శక రాజుల్ని) మిగలకుండా చేసినవాడు, శాతవాహన కులం కీర్తిని తిరిగి నిలబెట్టినవాడు, మూడు సముద్రాల నీళ్ళు తాగిన వాహనాలు గలవాడు అని వరసగా రాయించింది. ఆ వరసలోనే పౌరుల సుఖదుఃఖాలను తనవిగా చూసుకున్నవాడు, తప్పు చేసిన శత్రువు ప్రాణం తీయడానికి కూడా మనసొప్పనివాడు, తల్లికి ఎడతెగని సేవ చేసినవాడు అనీ పెట్టించింది. ఏ ఆస్థాన కవి సొంతంగా అల్లినా తల్లికి చేసిన సేవ శకయవనపహ్లవులనే పరదేశి రాజులను అణచాడన్న మాట పక్కన వచ్చి ఉండేది కాదు. అక్కడ మాట్లాడింది తల్లి.

అయితే తల్లి మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చా? ఒంటిగా తీసుకోకూడదు. బయట నుంచి దానికి దన్ను కావాలి. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 13,000కు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత నహపానుడివి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. ఓడిన రాజు ఖజానా చేతికి చిక్కితే తప్ప అలా జరగదు. కాబట్టి క్షహరాతులను రూపుమాపాడన్న బిరుదు గట్టిది.

మూడు సముద్రాల సంగతి వేరు. అదే శాసనంలో అతను ఏలిన దేశాల పట్టీ ఉంది: అసిక, అశ్మక, మూలక, సురాష్ట్ర, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, ఆకర, అవంతి. అందులో మన కోస్తా, అంటే తూర్పు సముద్రపు ఒడ్డు, పేరే లేదు. మహేంద్రం, మలయం లాంటివి కొండల పట్టీలో వస్తాయి. దేశాల పట్టీకీ కొండల పట్టీకీ మధ్య ఉన్న ఈ తేడా పట్టుకుంటే బిరుదును ఎక్కడ సాగదీశారో తెలుస్తుంది. ఇక తర్వాతి తరంలో పగవాళ్ళ మాట కూడా చూడు. 150 ప్రాంతపు గిర్నార్ శాసనంలో శక రాజు రుద్రదాముడు దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించానని, దగ్గరి సంబంధం వల్ల వదిలేశానని చెప్పుకున్నాడు. మహాక్షత్రప (శకుల్లో పెద్ద రాజు హోదా) అన్న పేరు తానే సంపాదించుకున్నానని కూడా రాయించాడు. ఇచ్చేవాళ్ళు లేనప్పుడు తానే తీసుకున్నాడన్నమాట, ఆ సంగతి దాచనూ లేదు. ఈ రెండు రాళ్ళూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒక్కదాన్నే పట్టుకుంటే ఏదో ఒక పక్షం వకాలతు చేసినట్టవుతుంది.

ఇంతకీ నీ కళ్ళద్దాలు మార్పించావా? రాత్రిళ్ళు కంప్యూటరు ముందు శాసనాల ఫోటోలు పెంచి పెంచి చదివితే తలనొప్పి రాక ఏమవుతుంది? నెలకు రెండు శనివారాలైనా తలంటుకో. విజయత్త చెప్పినదాంట్లో నిజమెంతో నాకు తెలియదు, కానీ డిపార్ట్‌మెంటులో ఏదో పతకం ఇంకొకరికి వెళ్ళిందని నువ్వు పని పక్కన పెట్టేశావంటే నేను నమ్మను. సరే, వదిలేద్దాం.

నువ్వు కాకతీయుల మీద పని చేస్తున్నావు కాబట్టి వాళ్ళ దగ్గరకే వస్తాను. శాసనంలో బిరుదులు రెండు రకాలని నీకు తెలుసు. ఒకటి హోదా చెప్పేది, రెండోది పరాక్రమం చెప్పేది. ‘సమధిగత పంచమహాశబ్ద మహామండలేశ్వర’ అంటే సామంతుడు. ‘మహారాజాధిరాజ పరమేశ్వర పరమభట్టారక’ అంటే ఎవరికీ తలవంచనివాడు. పడమటి చాళుక్యుల పట్టు సడలాక రుద్రదేవుడు అనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించి, అచింతేంద్ర కవి చేత ప్రశస్తి రాయించాడు. అప్పటికి స్వతంత్రుడయ్యాడు. అయినా హోదా మాత్రం మహామండలేశ్వరగానే ఉంచుకున్నాడు. తర్వాత గణపతిదేవుడు తీరాంధ్రం గెలిచి, 1244లో మోటుపల్లి వర్తకులకు అభయశాసనం ఇచ్చినప్పుడూ కాకతీయులు ఆ హోదాను వదలలేదు. వాళ్ళకంటే చిన్నవాళ్ళు చక్రవర్తుల మాటలు రాయించుకున్నారు. హోదా బిరుదు చూసి రాజ్యం కొలత వేసేవాళ్ళు కాకతీయుల దగ్గర తప్పక పొరబడతారు. ఇది నీ అధ్యాయంలో మొదటి పేజీలోనే చెప్పు, ఎక్కడో అడుగున పెట్టకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కాస్త పొడుగు, ఓపిగ్గా చదువు.

గణపతిదేవుడి కాలం నుంచి కాయస్థ నాయకులు కాకతీయులకు నమ్మిన బంట్లు. గంగయసాహిణికి పెద్ద ప్రాంతం పాలన అప్పజెప్పారు. గండపెండేర బిరుదు వాళ్ళింట్లోకి అలా వచ్చింది. అతని తర్వాత జన్నిగదేవుడు, త్రిపురారిదేవుడు కూడా కట్టుబడే ఉన్నారు. 1272 ప్రాంతంలో అంబదేవుడు వచ్చాక తీరు మారింది. వల్లూరు రాజధానిగా పెట్టుకుని చుట్టుపక్కల వాళ్ళను ఒక్కొక్కరిని లోబరుచుకున్నాడు. శ్రీపతి గణపతి అనే నాయకుణ్ణి ఓడించి, ‘రాయసహస్రమల్ల’ అన్న అతని బిరుదును లాక్కున్నాడు. బిరుదు కూడా ఏనుగులాగా, గుర్రంలాగా గెలుచుకునే సొత్తు అప్పట్లో. ఓడినవాడు ఇక ఆ మాట వాడకూడదు, గెలిచినవాడి వందిమాగధులు దాన్ని పలకాలి. నెల్లూరు వ్యవహారాల్లో తలదూర్చాడు, దక్షిణాదివాళ్ళతో తలపడ్డాడు. ఓరుగల్లుకు లోబడి ఉన్నానన్న మాట మెల్లగా అతని శాసనాల్లోంచి జారిపోయింది. సామంతుడి తిరుగుబాటు చాలాసార్లు మొదట అక్కడే కనబడుతుంది, ఉన్నది చదివినంత జాగ్రత్తగా లేనిదాన్నీ చదవాలి.

శక 1212లో, అంటే 1290లో, త్రిపురాంతకం గుళ్ళో పెద్ద శాసనం వేయించాడు. గెలుపుల పట్టీ అంతా అందులో ఉంది. ఓడించినవాళ్ళ పేర్లు, లాక్కున్న బిరుదులు, నిలబెట్టిన రాజులు, ఒక్కటి వదల్లేదు. మల్లికార్జునపతి అనేవాడి సప్తాంగాలు (రాజ్యానికి ఉండే ఏడు అంగాలు) హరించాననీ అందులో చెప్పుకున్నాడు. రుద్రమదేవిని గెలిచానని మాత్రం పేరు పెట్టి చెప్పలేదు.

ఆ ముందటేడు, శక 1211లో, నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక చిన్న రాయి పడింది. 1289 నవంబరు. వేయించినవాడు రాజు కాదు, మంత్రి కాదు. రుద్రమ సేనాని మల్లికార్జున నాయకుడి బంటు, పువ్వుల ముమ్మడి. కాకతి రుద్రమదేవి శివలోకానికి, మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారని, వాళ్ళ పుణ్యం కోసం భూమి ఇస్తున్నానని చెక్కించాడు. అంతే. ఎలా పోయారో లేదు. ఇద్దరినీ ఒక్కచోట చెప్పినందువల్ల, ఆ రాతికీ త్రిపురాంతకం రాతికీ మధ్య ఉన్న కొద్ది కాలం వల్ల, అంబదేవుడి మీద యుద్ధంలోనే ఇద్దరూ ఒరిగారని చరిత్రకారులు ఊహిస్తారు. ఊహ అని గుర్తుంచుకో. నీ థీసిస్‌లో ‘యుద్ధంలో మరణించింది’ అని నిర్ధారణగా రాయకు, పరీక్షకుడు మొదట అక్కడే వేలు పెడతాడు.

రుద్రమకు బిరుదు లేదా అంటే ఉంది. రాయగజకేసరి, అంటే రాజులనే ఏనుగుల పాలిట సింహం. ఓరుగల్లు స్వయంభూ దేవాలయంలో ఆమె రంగమండపం శిల్పాల్లో సింహం మీద కూర్చున్న స్త్రీయోధ కనబడేది ఆ బిరుదు వల్లనే. అయితే అది తండ్రి వైపు నుంచి వచ్చినది. చాలా శాసనాల్లో ఆమె పేరే రుద్రదేవమహారాజు. తండ్రి ఆమెను కొడుకుగా ప్రకటించి గద్దె ఎక్కించాడు కాబట్టి ప్రశస్తి కూడా మగవాడి అచ్చులోనే నడిచింది. దేవగిరి యాదవులను ఎదుర్కొన్నది, సొంత సామంతుల అసమ్మతిని తట్టుకున్నది, మనవడు ప్రతాపరుద్రుణ్ణి సిద్ధం చేసి వెళ్ళినది ఆమె. పోయిన నాడు ఆమె కోసం ప్రశస్తి రాయించే తీరిక ఓరుగల్లులో ఎవరికీ లేదు, నెత్తి మీద తిరుగుబాటు ఉంది. ఒక బంటు ఇచ్చిన భూదానం లేకపోతే ఆమె పోయిన నెల కూడా మనకు తెలిసేది కాదు.

త్రిపురాంతకంలో ఆ పెద్ద శాసనం పడిన మరుసటి ఏడు, 1291లో, అదే చోట ప్రతాపరుద్రుడి అధికారం కనబడుతుంది. ఇందులూరి అన్నయదేవుడి పేరు వస్తుంది. రాయసహస్రమల్లుడు ఆ ప్రాంతం నుంచి తప్పుకోవలసి వచ్చింది. బిరుదుల పొడుగును బట్టి అంబదేవుణ్ణి, రాయి చిన్నదనాన్ని బట్టి రుద్రమను తూచేవాడికి చరిత్ర చదవడం రాదని నేను గట్టిగా అంటాను. నీకు ఆ చదవడం వచ్చు. పద్దెనిమిదేళ్ళప్పుడే పాలంపేట శాసనం చదివి, రేచర్ల రుద్రుణ్ణి కాకతిరాజ్యభారధౌరేయుడని ఎందుకన్నారని అడిగినవాడివి. గణపతి చెరలో ఉన్నప్పుడు రాజ్యాన్ని పట్టి నిలిపిన సేనాని కాబట్టి అన్నారు. అక్కడ బిరుదుకూ పనికీ తేడా లేదు. అలాంటివి దొరికినప్పుడు సంతోషంగా ఒప్పుకోవాలి, అన్నిటినీ అనుమానించడం కూడా బద్ధకమే.

చూడు, మళ్ళీ పాఠం చెప్పేస్తున్నాను. చెప్పకుండా ఉండలేను. పని చేసినవాడికీ పేరు తెచ్చుకున్నవాడికీ మధ్య ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. కవి అవుతాడు, పురోహితుడు అవుతాడు, పైవాడు అవుతాడు, ఈ రోజుల్లో కమిటీ అవుతుంది. వాళ్ళు ఇచ్చినా ఇవ్వకపోయినా... సరే, విజయత్త మాట పట్టుకుని నేను ఇంకా రాయను.

మిగతావి త్వరగా చెప్తాను. వారసత్వంగా వచ్చే బిరుదులతో జాగ్రత్త. విజయనగరంలో మొదటి తరం నుంచే పూర్వపశ్చిమదక్షిణ సముద్రాధిపతి, హిందూరాయసురత్రాణ, భాషెగె తప్పువ రాయర గండ (మాట తప్పే రాజులకు మొగుడు) అనే వరస స్థిరపడింది. శ్రీకృష్ణదేవరాయల పట్టాభిషేకం నాటి హంపి విరూపాక్షాలయ శాసనంలో అలాంటి వరసే ఉంది. అప్పటికి ఉదయగిరి గెలవలేదు, అది 1514. కొండవీడు గెలవలేదు, అది 1515. ఆ వరస సింహాసనంతో పాటు వచ్చింది. రాయలు స్వయంగా చేసింది తెలియాలంటే బిరుదులు దాటి కథనం భాగానికి రావాలి. 1516 సింహాచలం శాసనంలో కోటల పేర్లు ఒక్కొక్కటే ఉంటాయి: ఉదయగిరి, అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, తంగెడ, కొండవీడు, కొండపల్లి, మన రాజమహేంద్రవరం. అవి బిరుదులు కావు, ఆయన చేసిన పనులు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తర్వాతి కాలంలో ఊరూరా తిరిగిన మూడో శ్రీరంగరాయల దాకా అవే బిరుదులు సాగాయి. రాజ్యం పోయినా శాసనం రాసేవాడికి ఆ వరస నోటికి వచ్చు. ఒక బిరుదు ఒక రాజుదని రాసే ముందు కనీసం అతని తండ్రి, తాతల శాసనాలు తిప్పి చూడు. మన పరిశోధనల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

పైవాడు ఇచ్చే బిరుదు ఇంకో రకం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు 1918లో అయిదో జార్జి హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అన్న హోదా ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువాళ్ళకు చేసిన సాయానికి అది గుర్తింపు. హైదరాబాదు ప్రజలకు ఆయన చేసిన మంచికీ చెడుకూ దానితో సంబంధం లేదు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. సామంతుడి లెక్కలో కాదు, మనవాణ్ణి పిలుచుకున్నట్టు. నాకు ఈ రెండోది చాలా ఇష్టం, ఎవరూ ఫర్మానా ఇవ్వలేదు దానికి.

మన రాజరాజనరేంద్రుణ్ణి కూడా మరిచిపోకు. 1022లో పట్టం కట్టుకున్నాడు. సవతి తమ్ముడు విజయాదిత్యుడు మళ్ళీ మళ్ళీ గద్దె లాక్కున్నాడు, మేనమామ వైపు చోళుల సాయంతో మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చాడు. యుద్ధాల లెక్క తీస్తే అదే తూర్పు చాళుక్య వంశంలో రెండో విజయాదిత్యుడు ముందుంటాడు. పన్నెండేళ్ళలో 108 యుద్ధాలు చేసి 108 శివాలయాలు కట్టించిన నరేంద్రమృగరాజు ఆయన. ఇవాళ నరేంద్రమృగరాజు పేరు ఎంతమందికి తెలుసు? రాజరాజు పేరు నన్నయ భారతం వల్ల బడిపిల్లలకు కూడా తెలుసు. భారతం రాయించినందుకు ఆయనకు పెద్ద బిరుదేమీ రాలేదు. ఆ అధ్యాయాన్ని ఇక్కడ ముగిస్తే బాగుంటుందని నాకు అనిపిస్తోంది, నువ్వు ఆలోచించు.

శాసనాల నకళ్ళు తీయడానికి మళ్ళీ వెళ్తావేమో, ఎండలో తలకు తువ్వాలు కట్టుకో. రాతిని ముందు మెత్తటి బ్రష్షుతో నీళ్ళతో కడుగు, ఇనుప బ్రష్షు తాకించకు. పలచని, జిగురు పట్టించని కాగితం తడిపి అంటించి, అక్షరాల గాళ్ళలోకి దిగేదాకా బ్రష్షుతో మెల్లగా తట్టు. కాగితం సగం ఆరాక సిరా బంతి అద్దు. తడి ఎక్కువగా ఉంటే సిరా పాకుతుంది, సిరా ఎక్కువైతే సన్న గీతలు పూడిపోతాయి, అప్పుడు వ, మ ఒకటే అయిపోయి లేని బిరుదు పుడుతుంది. అక్షరం విరిగిన చోట కుండలీకరణం పెట్టు, నీకు తోచింది పూరించకు. ఉదయం పదింటి లోపు ఏటవాలు వెలుతురులో ఫోటోలు కూడా తీసుకో. బూట్లు వేసుకో, ఆ గుళ్ళ చుట్టూ పాములుంటాయి. మంచినీళ్ళు రెండు సీసాలు పట్టుకెళ్ళు.

నాన్నగారు ఏమీ అడగలేదు. కానీ సాయంత్రం ఫోను మోగితే ముందు ఆయనే లేస్తున్నారు. నాగమణి కూడా నువ్వెప్పుడొస్తావని అడుగుతోంది. థీసిస్ ఆపావో, ఆపలేదో, గైడుగారితో మాట పడ్డావో నాకు చెప్పాలని లేకపోతే చెప్పకు. నాలుగో అధ్యాయం ఎంతవరకు వచ్చిందో మాత్రం రాయి. రాసినంతవరకు చంటి చేతికి ఇచ్చి పంపితే రాత్రి కూర్చుని చూసి, తిరుగు టపాలో పంపిస్తాను. సున్నుండల డబ్బాలు రూములో అందరికీ పంచెయ్యకు, నువ్వు తిను. 

ఆశీస్సులతో,
అమ్మ

తా.క. శక సంవత్సరానికి 78 కలిపి క్రీస్తుశకం లెక్క వేసేటప్పుడు నెల చూసుకో. పుష్యం సగంలోనో, మాఘంలోనో జనవరి ఒకటి దాటితే 79 కలపాలి. అనుమకొండ శాసనం శక 1084 చిత్రభాను మాఘ మాసానిది, కాబట్టి అది 1163 జనవరి. నువ్వు దసరాకి చూపించిన చిత్తుప్రతిలో 1162 అని ఉంది. గైడుగారికి ఇచ్చేలోపు దిద్దు.